రత్నమ్మ కుంపటి, నా క్యాసెట్టు

ఏడో తరగతి మూడేళ్లు చదివినవాణ్ణి నేను. ఏదైనా మూడుసార్లు చూపిస్తేగానీ నా బుర్రకెక్కదని మా అయ్యవారు అనేవారు. అందుకేనేమో, చూసిందే మళ్లీ చూపించే వృత్తిలో పడ్డాను. 2002లో గుంతకల్లులో నాది పెళ్లి వీడియోల దుకాణం.

ఒకరోజు రత్నమ్మ వచ్చింది. ఆమె భర్త సుబ్బన్న బొగ్గు ఇంజను డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. రెండేళ్లుగా మతిమరుపు. చివరికి ఆమెనే గుర్తుపట్టకుండా అయ్యాడు. పరాయి ఆడమనిషి చేతి కూడు తిననని కంచం తోసేస్తున్నాడు. రోజురోజుకీ చిక్కిపోతున్నాడు.

“ఆయన తిరిగిన లైను తీసి టీవీలో చూపీప్పా. ఇంజన్ ఎక్కినట్లే ఉండల్ల. అట్లన్నా నేను గుర్తొస్తానేమో” అంది.

తాడిపత్రి దాకా ప్యాసింజరు తలుపు దగ్గర నిలబడి దారంతా తీశాను. కిటికీకి దుప్పటి కట్టి గది చీకటి చేసి, టీవీకి దగ్గరగా సుబ్బన్నను కూర్చోబెట్టాం. ఇక్కడే నా అలవాటు కొంప ముంచింది. పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేస్తాం, అంటే బొమ్మ మీద పాటలు, పూలు అతికించడం. రైలు పట్టాల మీద కూడా గులాబీ రేకులు రాల్చేశాను. వెనక సన్నాయి.

సుబ్బన్న శ్రద్ధగా చూసి అడిగాడు: “పెండ్లికూతురు యాడప్పా?”

రత్నమ్మ నవ్వలేదు. ఆమె ముఖం చూసి నేనూ నవ్వలేకపోయాను.

మరునాడు పూలు, సన్నాయి తీసేసి పట్టాల చప్పుడొక్కటే ఉంచాను. సుబ్బన్న గోడను చూసినట్టు చూశాడు. రత్నమ్మ తనలో తాను అనుకున్నట్టుగా అంది: “డ్యూటీ దిగి వస్తాంటే ముందు వాసన వచ్చేది, ఎనక మనిషి.”

ఆ మాట పట్టుకున్నాం. ఇంట్లో ఓ మూల పాత రాక్షసిబొగ్గు బస్తా ఉంటే, గుమ్మం బయట కుంపట్లో ఆమె రాజేసింది. ఇంజను తుడిచే నూలుపీచును కాటన్ వేస్ట్ అంటారు. దాన్ని ఇంజనాయిల్లో ముంచి సుబ్బన్న చేతికిచ్చాను. టేబుల్ ఫ్యానుతో వాసనను కొంచెం కొంచెంగా లోపలికి తోలాను. తెర మీద పట్టాలు పరుగెత్తుతున్నాయి.

సుబ్బన్న ముక్కు ఎగబీల్చాడు. చేతిలో పీచు పిసికాడు. వీపు నిటారైంది. కుడిచెయ్యి పైకి లేచి, లేని కూతతాడును లాగింది.

“రత్నా, క్యారియర్ యాడ పెట్టినావే? ఆకలైతాండాది.”

ఆమె పరుగున పోయి సంగటి తెచ్చింది. ఆయన చేతులు నూనె అయ్యాయని తానే ముద్దలు పెట్టింది. అన్నీ తిన్నాడు.

సాయంత్రానికి మళ్లీ “ఎవురమ్మా నువ్వు?” అన్నాడు. జబ్బు పోలేదు. కానీ అన్నం వేళకు ఆమె కుంపటి రాజేస్తే, ఆ కాసేపు ఆమె రత్న అయ్యేది. జ్ఞాపకమంటే కంటికి కనిపించేదేననుకుని అన్నేళ్లు కెమెరా మోశాను. మనిషి లోపలికి నా కెమెరా పట్టని దారి ఒకటుందని ఆ ఇంట్లోనే తెలిసింది.

అయినా గొప్ప ఎక్కడికి పోతుంది? నెల తర్వాత కాలరెగరేసుకుంటూ వెళ్లాను.

“ఏమ్మా, నా క్యాసెట్టు బాగా పనిచేస్తాందా?”

రత్నమ్మ కుంపటి విసురుతూ తలెత్తింది. “అది తెగి పదైదు దినాలైందప్పా. ఆయన అడగలేదు. నువ్వు బాధపడతావని నీకు చెప్పలేదు.”