గేటు స్తంభంలో గుర్తురాయి

మా అన్నయ్య లెక్క తప్పాడని విన్నప్పుడు నేను నవ్వేశాను. సూర్యుడు పడమట పొడిచాడంటే నమ్ముతాను గానీ ఇది నమ్మనన్నాను. చెప్పినవాడు మాత్రం నవ్వలేదు. "రాత్రి ఏటిగోడ మీంచి నీళ్లు పొర్లాయి మేస్త్రీ. పల్లపు వీధంతా మునిగింది. గోడ ఎత్తు చాలలేదట. దానికి మట్టాలు తీసింది మీ అన్నే కదా" అన్నాడు. నా చేతిలో తాపీ అలాగే ఉండిపోయింది. కలిపి పెట్టిన సిమెంటు గట్టిపడేదాకా అక్కడే కూలబడ్డాను.

ఆయన ఎలాంటి మనిషో చెప్తే గానీ నా గుండె ఎందుకు జారిందో మీకు తెలీదు. ముప్పై నాలుగేళ్లుగా సర్వే ఆఫీసులో ఆయన పని ఒక్కటే, ఏ నేల సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో తేల్చడం. మూడు కాళ్ల మీద లెవెల్ మిషను నిలబెట్టి, ఒక కన్ను మూసి, దూరాన పట్టుకున్న కొలకర్ర మీద అంకె చూసి బుక్కులో రాసుకుంటాడు. పాతకాలం సర్వేవాళ్లు వంతెనల్లో, గోడల్లో రాళ్లు పెట్టి, ఒక అడ్డగీత, దాని కింద బాణం చెక్కి పోయారు. ఆ గీత సముద్రానికి ఇన్ని మీటర్ల పైన అని ఆఫీసులో రాసి ఉంటుంది. ఏ కొలతైనా అలాంటి రాయి దగ్గరే మొదలవ్వాలి.

ఇంట్లోనూ అదే గోల. "మీ మంచం సముద్రానికి నలభై ఒక్క మీటర్లు పైన ఉంది, హాయిగా పడుకోండి" అనేవాడు పిల్లలతో. "ఆ సముద్రమేదో ఒక్కసారి చూపించి చావొచ్చుగా" అని వదిన దెప్పేది. ఆయన మాత్రం చూశాడా ఏం? బుక్కులో అంకె తప్పు పడితే చెరిపేవాడు కాదు, కొట్టేసి పక్కన రాసేవాడు. చెరిపితే దొంగతనమట. ఇంత చాదస్తపు మనిషి దగ్గర నేనెలా పెరిగానో నాకే తెలీదు. నన్ను పనిలో పెట్టిందీ ఆయనే, నా మొదటి రసమట్టం కొనిచ్చిందీ ఆయనే.

నీళ్లు తీసిన మర్నాడు పల్లపు వీధి నుంచి బట్టలు కుట్టే ఒకావిడ వచ్చి, బురద పట్టిన కుట్టుమిషను తెచ్చి అన్నయ్య గుమ్మంలో దింపి వెళ్లిపోయింది. తిట్టిపోసినా బాగుండేది. ఆఫీసువాళ్లు సోమవారం విచారణ పెట్టారు. ఆయన రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిది నెలలే ఉంది. తప్పు ఆయనదని తేలితే ఉద్యోగం ఊడుతుంది, ముప్పై నాలుగేళ్ల పేరు బురదలో కలుస్తుంది.

వారం పాటు ఆయన పాత బుక్కులు ముందేసుకుని కూడాడు, తీసేశాడు, మళ్లీ కూడాడు. ఎక్కడా తేడా రాలేదు. "నాకు మతి పోతోందేమోరా" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. "నీకెందుకు పోతుంది? కాంట్రాక్టరు గోడ తగ్గించి కట్టుంటాడు, వాడి మెడ పట్టుకో" అన్నాను.

"కొలిచాను. నేనిచ్చిన మట్టానికే కట్టాడు పాపం."

ఆదివారం పొద్దున కర్ర పట్టుకోవడానికి నన్ను రమ్మన్నాడు. ఆఫీసులో ఎవరూ ఆయన పక్కన నిలబడలేదు. నిన్నటిదాకా ఆయన చేతి టీ తాగినవాళ్లే అందరూ.

నిరుడు ఏటిగోడకి మట్టం తీసింది పాత గ్రంథాలయం గేటు స్తంభంలో ఉన్న రాయి నుంచి. అలాంటిదే ఇంకోటి వంతెన మీద ఉంది. వంతెన దగ్గర మొదలెట్టి, ముప్పై అడుగులకోసారి ఆగుతూ స్తంభం దాకా వచ్చాం. రాయి మీద గీతకి కర్ర ఆనించి పట్టుకున్నాను. అన్నయ్య చూశాడు. రాశాడు. మళ్లీ చూశాడు. మిషను వదిలేసి నడిచొచ్చి రాయి మీద చెయ్యి పెట్టాడు.

"పది సెంటీమీటర్లు దిగిందిరా ఇది."

"రాయి దిగడమేంటి?"

"అదే. రాయి తనంతట తాను దిగదు."

అప్పుడు చూశాను ఆ స్తంభం కేసి. ఆరేళ్ల కిందట ఆ స్తంభం ఒరిగిపోతే విప్పి మళ్లీ కట్టింది నేనే. రాయి కింద ఐదు వరసల ఇటుక ఉండేది. నేనూ లెక్కపెట్టి ఐదు వరసలే పేర్చాను. రాయి పెట్టాక రసమట్టం వేసి, వెంట్రుకవాసి వంకర లేదని మురిసిపోయాను. ఆ సాయంత్రం అన్నయ్యతో, "నీ రాయి భద్రంగా ఉంది, చిన్న గాటు కూడా పడలేదు" అని గొప్పగా చెప్పాను. పాత ఇటుకలు మందం, కొత్తవి పల్చన అన్న సంగతి నాకు తట్టనే లేదు. మేస్త్రికి వరసలే లెక్క.

ఉన్నదంతా చెప్పాను. చెంప పగలగొడతాడనుకున్నాను.

"వరసకి ఎంత తేడా?" అని మాత్రం అడిగాడు.

"రెండు సెంటీమీటర్లు ఉంటుంది."

"ఐదు వరసలు. పది" అన్నాడు. ఆయన ముఖం తేటపడింది. "అయితే నా లెక్క తప్పలేదన్నమాట." నేను చేసిన ఘోరానికి ఆయన ఊపిరి పీల్చుకుంటుంటే నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది. గోడ మీంచి పొర్లిన నీళ్లు నాలుగు వేళ్ల ఎత్తే. ఆ పది సెంటీమీటర్లు ఉండుంటే వీధి మునిగేది కాదు.

సోమవారం విచారణ గదిలో ముగ్గురు ఆఫీసర్ల ముందు నిలబడి అంతా చెప్పేశాను. నన్నేం చేసుకున్నా సరే, ఆయన్ని వదిలెయ్యండన్నాను. నడిమి కుర్చీలో పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. అన్నయ్య వైపు తిరిగాడు.

"రాయి కదిలింది, ఒప్పుకుంటాం. కానీ పని మొదలెట్టే ముందు ఇంకో రాయితో సరిచూడాలి కదా? మీ బుక్కులన్నీ తిరగేశాం. ముప్పై నాలుగేళ్లలో ప్రతి పనికీ సరిచూశారు. ఈ ఒక్కదానికే చూడలేదు. ఎందుకు?"

ఈ సంగతి నాకు తెలీనే తెలీదు. జ్వరమని చెప్పు, వాన అని చెప్పు, పైవాళ్లు తొందరపెట్టారని చెప్పు అని మనసులోనే మొత్తుకున్నాను.

అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"ఆ స్తంభం మా తమ్ముడు కట్టాడండి" అన్నాడు. "రాయి భద్రంగా ఉందని వాడే చెప్పాడు. ఇంక చూడబుద్ధి కాలేదు."

పెద్దాయన ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుని, సంతకం పెట్టమని కాగితం ఆయన ముందుకి తోశాడు. అన్నయ్య ఒకసారి చదువుకుని, పెట్టేశాడు.