మాణిక్యం ఉడకబెట్టిన ఎక్స్‌రే

పెడన అద్దకం పనివాళ్ళలో మాణిక్యం చేతికి పేరుండేది. అచ్చు వేసిన గుడ్డల్ని కాగులో ఉడకబెట్టి, కాలవలో జాడించి ఆరేయడం ఆమె పని. అసలైన రంగు ఉడికినకొద్దీ తేలుతుందనీ, ఉడికితే పోయేది రంగే కాదనీ అనేది. నోరు పెద్దదే గానీ ఆ మాటలో అబద్ధం లేదు, గుడ్డల వరకూ.

అరవై మూడు వానాకాలంలో ఆమె మొగుడు సత్తయ్య బండి కడుతుంటే ఎద్దు తల విసిరింది. కాడి మొహానికి తగిలి కింది దవడ రెండుచోట్ల విరిగింది. గంజి పోస్తే సగం మెడమీదికి కారేది. బందరు ఆసుపత్రిలో డాక్టరుగారు ఎక్స్‌రే తీశారు. మంచాలు ఖాళీ లేక ఇంటికి పంపుతూ, ఆ ఫోటో మాణిక్యం చేతికిచ్చారు. బుధవారం గుంటూరు నుంచి సర్జనుగారు వస్తారనీ, ఏ ముక్క ఎటు జరిగిందో ఇందులో చూసుకునే తీగెతో కడతారనీ, జాగ్రత్తగా తెమ్మనీ చెప్పారు.

పెడనలో రైలు దిగేటప్పుడు, మొగుణ్ణి పట్టుకునే కంగారులో ఫోటో జారి బురదలో పడింది. ఇంటికొచ్చి తుడిస్తే మరక సరిగ్గా దవడ మీదికే పాకింది. మాణిక్యం ఎవరినైనా అడగొచ్చు కదా, అడగలేదు. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమెకు తెలిసిన వైద్యం ఒక్కటే. కాగు కింద మంటపెట్టి, నీళ్ళు మరిగాక ఫోటోను ముంచింది.

నలుపు జిగురులా జారి చేతికంటుకుంది. పోయేది మురికేలే అని మనసుకు సర్దిచెప్పుకుంటూ ఇంకా రుద్దింది. చివరికి అద్దంలాంటి రేకు మిగిలింది.

"మరక పోతుందని ఉడకబెట్టానండీ," అంది బుధవారంనాడు, సర్జనుగారి ముందు నిలబడి.

ఆయన రేకును వెలుతురుకు పట్టి చూసి, ఇంకొకటి తీయమన్నారు. ఎక్స్‌రే మిషను బల్బు ముందురోజే కాలిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. అందాకా ఆగితే ఎముక వంకరగా అతుక్కుపోతుంది.

"చేత్తో తడిమి కడతానమ్మా. కుదురుతుందని మాత్రం మాటివ్వలేను," అన్నారాయన.

కుదరలేదు. తీగెలు విప్పాక సత్తయ్య నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు.

ఊళ్ళో అందరూ మాణిక్యాన్ని దుమ్మెత్తిపోశారు. అతనొక్కడే ఏమీ అనలేదు, అదే ఆమె భరించలేకపోయింది. ఒకరోజు అతని కాళ్ళ దగ్గర కూలబడింది.

"తిట్టు మావా. నీ నోరు నేనే పాడుచేశాను. కడుపుమంట చల్లారేదాకా తిట్టు."

సత్తయ్య పళ్ళ సందులోంచి మాట కూడదీసుకున్నాడు.

"ఆకలేస్తందే," అన్నాడు.