వృత్తి గడిలో రాసిన ఒక్క వాక్యం

మొన్న బ్యాంకుకు వెళితే కౌంటర్లో అమ్మాయి ఒక ఫారం చేతికిచ్చి, ఖాతా ఆగిపోకుండా ఉండాలంటే వివరాలన్నీ మళ్ళీ నింపి ఇవ్వాలంది. పేరు రాశాను, తండ్రిగారి పేరు రాశాను, చిరునామా రాశాను, ‘వృత్తి’ అన్న గడి దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే కలం ఆగిపోయింది. రిటైర్డ్ అని రాసేయండి, అందరూ అదే రాస్తారు అని ఆ అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. నలభై ఏళ్ళకు పైగా ఏ ఫారంలోనైనా ఆ గడి ముందు నేను ఇలా తచ్చాడుతూనే ఉన్నానని ఆమెకేం తెలుసు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఆ రోజులు ఎరిగినవాళ్ళు తగ్గిపోయారు, మిగిలినవాళ్ళకి నాలాగే ఓపిక తగ్గిపోయింది. అయినా ఒకసారి చెప్పేసి తేలికపడదామని ఇది రాస్తున్నాను.

డెబ్బైలలో నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాని. పొద్దున్న సైకిలు మీద వెళ్ళి, సాయంత్రం రాజమండ్రి వచ్చి, ఇంటికి పోకుండా తిన్నగా మా బాబాయి బట్టల కొట్టు మేడ మీదికి ఎక్కేవాణ్ణి. అక్కడ పెళ్ళి చీరలు చూపించడానికి వేసిన పరుపుల మీద, దిండ్లకు చేరగిలబడి, మా జిల్లా పడవ పందేల సంఘం సమావేశాలు జరిగేవి. బాబాయి అధ్యక్షుడు. ఆయన జన్మలో తెడ్డు పట్టి ఎరగడు, ఈత కూడా రాదు, కానీ ఒకసారి వ్యాపారం పని మీద మద్రాసు వెళ్ళినప్పుడు సన్నటి పడవల్లో పందెం చూసి వచ్చి, అంత గోదావరిని పెట్టుకుని మనం ఊరికే కూర్చోవడమేమిటని పట్టు పట్టాడు. నాకు ఇంగ్లీషు టైపు వచ్చు కాబట్టి నేను గౌరవ కార్యదర్శిని. గౌరవ అంటే జీతం లేదని అర్థం, అది మాత్రం మొదటి నెలలోనే బోధపడింది.

ఇక ఆ వ్యవస్థ సంగతి. అన్నిటికన్నా పైన ఎక్కడో దూరాన ఒక పెద్ద నగరంలో జాతీయ సమాఖ్య, దాని కింద రాష్ట్ర సంఘాలు, రాష్ట్రం కింద జిల్లాలు, జిల్లా కింద క్లబ్బులు, క్లబ్బుల కింద నీళ్ళు. ఏడాదికోసారి రాష్ట్రానికి ఇద్దరేసి ప్రతినిధులు వెళ్ళి మహాసభలో కూర్చుంటారు. వాళ్ళు కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు. కార్యవర్గం మళ్ళీ ఉపసంఘాలు వేస్తుంది: పందెం నిబంధనలూ అంపైర్లూ చూసుకోవడానికొకటి, జట్టును ఎంపిక చేయడానికొకటి, ఎవరు ఔత్సాహికుడు, అంటే అమెచ్యూరు, ఎవరు కాదు అని తేల్చే అర్హతల ఉపసంఘం ఒకటి. ఉపాధ్యక్షులు ఎంతమందో లెక్కపెట్టబోయి మానుకున్నాను. జిల్లావాళ్ళం సమాఖ్యకు నేరుగా ఉత్తరం రాయకూడదు, రాష్ట్రం ద్వారానే పోవాలి. తెలియక ఒకసారి నేరుగా రాస్తే, విప్పిన కవరు విప్పినట్టే తిరిగొచ్చింది. ఇంత యంత్రాంగానికీ అడుగున మా దగ్గరున్నది ఒకే ఒక్క పడవ, అదీ మద్రాసు వైపు ఒక క్లబ్బువాళ్ళు పాతబడిందని వదిలించుకుంటే, బట్టల బేళ్ళ మీద పడుకోబెట్టి లారీలో తెప్పించుకున్నది.

ఒక్క మనిషి కూర్చునే పడవ అది. వెడల్పు మనిషి నడుమంత, పొడుగు మా కొట్టంత, లోపల ముందుకూ వెనక్కూ జారే పీట, అటొకటి ఇటొకటి రెండు తెడ్లు. కాలేజీ కుర్రాళ్ళు ఎక్కగానే బోర్లా పడేవాళ్ళు. ఆ తమాషా చూడటానికి కోటిలింగాల రేవులో జనం చేరేవాళ్ళు. ఒకనాటి సాయంత్రం ఆ జనంలోంచి పడవతాత కొడుకు ముందుకొచ్చి, తనొకసారి చూడొచ్చా అని అడిగాడు.

పడవతాత అంటే మా చిన్నప్పుడు మమ్మల్ని కొవ్వూరు వైపుకీ, గోదావరి మధ్య లంకల్లోకీ, శివరాత్రికి పట్టిసీమకీ దాటించిన ఆయన. కొడుకు నాకంటే నాలుగేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న నన్ను పసితనంలో అబ్బాయిగారూ అని పిలిచాడని కొడుకూ అలాగే పిలిచేవాడు. నాకిప్పుడు డెబ్బై ఎనిమిది దాటినా అతని నోట ఇంకా అబ్బాయిగారినే. ఆ రోజు పడవలో కూర్చుని చూసి, వెళ్ళే చోటికి వీపు పెట్టి తెడ్డు వేయడమేమిటని నవ్వాడు. మూడో రోజుకల్లా ఆ పడవ అతని మాట వింది. పదో రోజుకి ఒడ్డు మీద సైకిలు తొక్కుతూ అతని పక్కన రాలేక నేను దిగిపోయాను. బాబాయి మాత్రం గొడుగు పట్టుకుని రేవు మెట్ల మీద నిలబడి, పెళ్ళి చూస్తున్నవాడిలా చూస్తూ ఉండిపోయాడు.

రాష్ట్ర పోటీలు రాజధానిలో చెరువు మీద జరిగాయి. అతను గెలిచాడు. అంతకుముందు రాజమండ్రి దాటి రైలెక్కని మనిషి, మెడలో దండతో దిగాడు. స్టేషనుకి వచ్చిన పడవతాత కొడుకు అరచేతులు రెండూ తిప్పి చూసుకుని, బొబ్బలు కొత్తచోట లేచాయే అన్నాడంతే. ఇక జాతీయ పోటీలు. అక్కడ గెలిస్తే దేశం తరఫున వెళ్ళొచ్చని బాబాయి అప్పుడే పాస్‌పోర్టుల గురించి వాకబు మొదలుపెట్టాడు. రోడ్డు వంతెన వచ్చాక రేవులో జనం పలచబడ్డారు. ఇంట్లో పోషించాల్సినవాళ్ళు పెరుగుతున్నారు. ఇలాంటి అవకాశం అతనికి మళ్ళీ రాదని మా అందరికీ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు.

సమాఖ్య నుంచి రాష్ట్రం ద్వారా ప్రవేశ పత్రం వచ్చింది. నింపింది నేనే. అందులో వృత్తి అన్న గడి ఉంది. మా కొట్టు బోర్డు మీద ‘మూడు తరాలుగా వస్త్ర వ్యాపారం’ అని పెద్దక్షరాలతో ఉండేది. మా కులంలో, మా బజారులో అంతకంటే గొప్ప సిఫారసు లేదు. తాత చేసిన పని మనవడూ చేస్తున్నాడంటే సరుకు మంచిదని లెక్క. అందుకని నేను నా తెలివినంతా ఉపయోగించి, మంచి ఇంగ్లీషులో ఇలా టైపు చేశాను: మూడు తరాలుగా గోదావరి మీద పడవ నడిపే వృత్తి, ఇతను స్వయంగా పదిహేనేళ్ళుగా ప్రయాణికులను దాటిస్తున్నాడు. బాబాయి రెండుసార్లు చదివించుకుని, అద్భుతం అన్నాడు. శుభలేఖకు పెట్టినట్టు నాలుగు మూలలా పసుపు పెట్టి మరీ కవర్లో పెట్టాడు. రాష్ట్ర కార్యదర్శిగారు కట్టలో కట్టగా సంతకం చేసి పైకి పంపించారు. ఎవరూ అతన్ని ఏం రాయమంటావని అడగలేదు. నేనూ అడగలేదు.

మూడు వారాలకు పత్రం తిరిగొచ్చింది. నేను రాసిన వాక్యం కింద ఎర్ర పెన్సిలు గీత, పక్కన అనర్హుడు అన్న మాట. జతచేసిన ఉత్తరంలో నియమం ఉటంకించారు: తెడ్డు వేసి కూలి పుచ్చుకున్నవాడు ఔత్సాహికుడు కాడు, ఔత్సాహికుడు కానివాడు పోటీకి రాకూడదు. పడవ నడపడం రానివాళ్ళు ఎంతమందైనా రావచ్చు. చిన్నప్పటి నుంచీ అదే పనిగా ఉన్నవాడు మాత్రం రాకూడదు. ఆ ఉత్తరం పట్టుకుని మేడ మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో నాకు గుర్తులేదు.

రాష్ట్ర కార్యదర్శిగారు కాకినాడ వచ్చారని తెలిసి బస్సెక్కి వెళ్ళి కలిశాను. మంచివాడే. దీనికింత కంగారెందుకండీ అని, దారి కూడా ఆయనే చెప్పారు. అతను మా బట్టల కొట్లో గుమాస్తా అని బాబాయి ఒక పత్రం ఇవ్వాలి. తానెన్నడూ తెడ్డు వేసి కిరాయి తీసుకోలేదని అతను సంతకం పెట్టాలి. ముందు పత్రంలో పొరపాటున రాశామని మేం ఒక ముక్క రాస్తే తక్కిన సంగతి ఆయన చూసుకుంటారు. గజం బట్టలో అంగుళం తేడా ఒప్పుకోని మా బాబాయి ఆ పత్రం క్షణంలో రాసిచ్చాడు. ఆయన అబద్ధం రాయడం నేను చూసింది అదొక్కసారే.

మర్నాడు అతన్ని కొట్టుకు పిలిపించాం. లంక నుంచి పశుగ్రాసం దించి తిన్నగా వచ్చాడేమో, తడి లుంగీతో పరుపు మీద కూర్చోకుండా గడప పక్కన చతికిలబడ్డాడు. నేను ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించాను. మరోసారి చదవమన్నాడు. మళ్ళీ చదివాను. సంతకం పెట్టడం వచ్చు అతనికి. కలం అతని ముందే పెట్టాను.

“ఎప్పుడూ పడవేసి డబ్బు తీసుకోలేదని రాస్తే, మరి మా నాన్న నన్నెలా పెంచాడంటారండి?” అన్నాడు.

ఒట్టి కాగితమేరా, ఎవడు చూస్తాడు, అన్నాడు బాబాయి.

“మీరు చూస్తారు కదండీ. రేపొద్దున్న మిమ్మల్ని లంకకి దాటిస్తే కిరాయి ఇస్తారు, నేను తీసుకుంటాను. అప్పుడు మీ మొహం నేనెలా చూడనండి, నా మొహం మీకెలా చూపించనండి?”

కోపంగా అనలేదు. చేతులు తుడుచుకుని లేచి, బాబాయికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నాకైతే అప్పుడు అతని మీదే కోపం వచ్చింది. ఒక్క సంతకానికి ఇంత పంతమా అనుకున్నాను. ఆ కోపానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. రాష్ట్ర పోటీల్లో రెండోవాడిగా వచ్చిన విద్యార్థి ఆ ఏడు జాతీయ పోటీలకు వెళ్ళాడు.

నేను ఊరుకోలేదు, విజ్ఞప్తి పంపాను. రాయడం కన్నా ఎదురుచూడటంలోనే మనిషి అలిసిపోతాడని ఆ తర్వాత తెలిసింది. విజ్ఞప్తి జిల్లా నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి సమాఖ్యకు, సమాఖ్య కార్యవర్గం నుంచి అర్హతల ఉపసంఘానికి వెళ్ళింది. ఉపసంఘం ఏడాదికి రెండుసార్లే కూడుతుంది. ఒకసారి కోరం లేదన్నారు, ఒకసారి ఎన్నికలు వచ్చి సభ్యులు మారారన్నారు, ఒకసారి మా విజ్ఞప్తి మూడో పేజీ అందలేదన్నారు. నేను ఆఫీసులో పగలంతా కాలవల నీటి మట్టాలు టైపు చేసి, సాయంత్రం బాబాయి మేడ మీద గుర్తుచేసే ఉత్తరాలు టైపు చేసేవాణ్ణి. వేళ్ళ చివర కార్బన్ మరక ఎప్పుడూ ఉండేది. అన్నం తినేటప్పుడు మా ఆవిడ దాన్ని చూసి నిట్టూర్చేది. మా సంఘం సమావేశాలకు వచ్చేవాళ్ళూ ఒక్కొక్కరే మానేశారు. చివరకు నేనూ బాబాయీ ఇద్దరం కూర్చుని, కాఫీ తాగి, సమావేశం జరిగినట్టు మినిట్స్ రాసుకునేవాళ్ళం.

ఈలోగా పడవతాత పోయాడు. రేవులో జనం పూర్తిగా తగ్గిపోయారు. నావ చీకిపోతే బాగుచేయించే స్తోమతు లేక అతను దాన్ని వచ్చిన ధరకు ఇచ్చేశాడు. ఒకరోజు తనే వచ్చి పని ఉందా అని అడిగితే బాబాయి మారుమాట లేకుండా కొట్లో పెట్టుకున్నాడు. మేం అబద్ధంగా రాసిన పత్రం నిజమైంది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ రోజు బాబాయి త్వరగా కొట్టు కట్టేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏడాది దాటాక సమాఖ్య జవాబు వచ్చింది. నియమాన్ని కొంత సడలించారట. గడిచిన పన్నెండు నెలల్లో తెడ్డు మీద సంపాదించనివాణ్ణి ఔత్సాహికుడిగా పరిగణించవచ్చునట. ఇతను మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చునట. నేను ఆ కాగితం పట్టుకుని మేడ మెట్లు పరుగున దిగాను. అతను ఎవరికో జాకెట్టు గుడ్డ కొలుస్తున్నాడు. వాళ్ళను పంపించి, నేను చదివినదంతా విని, కత్తెర పక్కన పెట్టాడు.

“ఇప్పుడు రాసుకోవచ్చండి అబ్బాయిగారూ, గుమాస్తా అని. కానీ తెడ్డు ముట్టుకుని ఏడాదైందండి.”

అని, అప్పుడు తిరిగొచ్చిన పాత ఫారం ఉంటే ఇప్పించమన్నాడు. కొత్త ఉత్తరాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఫైలు వెతికి ఇచ్చాను.

బాబాయి పోయి చాలా కాలమైంది. మేడ మీద దాచిన పందెపు పడవ బేళ్ళ అడుగున ఉండి ఉండి విరిగిపోయింది. ఆ నియమం ఇప్పుడెక్కడా లేదని, పడవ పందేలు గెలిచినవాళ్ళకి దాని మీదే ఉద్యోగాలు ఇస్తున్నారని పేపర్లో చదివాను. ఇంత తేలిగ్గా పోయే నియమమైతే అప్పుడే పోకూడదా అనిపిస్తుంది. కానీ ఎవర్ని అడగాలో ఇప్పుడు నాకు తెలియదు, అడిగే ఓపికా లేదు. గోదావరి మీద ఇంజన్ల లాంచీలు తిరుగుతున్నాయి. తెడ్డు చప్పుడు వినాలనిపించి పొద్దున్నే రేవుకు వెళ్ళి కూర్చుంటే, ఒక్కోనాడు అతనూ వచ్చి పక్కన కూర్చుంటాడు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోం.

బ్యాంకు నుంచి ఆ రోజు తిన్నగా అతని ఇంటికే వెళ్ళాను. గోడ మీద పడవతాత ఫొటో, దాని పక్కన అద్దం కట్టిన ఆ ఫారం. మూలల్లో పసుపు ఎప్పుడో వెలిసిపోయింది, ఎర్ర పెన్సిలు గీత కూడా దాదాపు కనిపించడం లేదు, నేను టైపు చేసిన వాక్యం మాత్రం నల్లగా ఉంది. రేషను కార్డులో తండ్రీ కొడుకులిద్దరికీ కూలి అని రాశారట, పింఛను కాగితాల్లో అతనికి బట్టల కొట్టు గుమాస్తా అని ఉందట. తాను పడవవాడినని రాసిన కాగితం ఈ లోకంలో అదొక్కటేనట. నా వల్ల నీ అవకాశం పోయింది అని అన్నేళ్ళ తర్వాత మొదటిసారి నోరు తెరిచి చెప్పాను. అతను అద్దం మీద దుమ్ము లుంగీ అంచుతో తుడుస్తూ, “మీరు నిజం రాశారండి. ఇంకెవరూ రాయలేదు,” అన్నాడు.