అడ్వర్స్‌కు నేను చెప్పుకున్న అర్థం

ఉర్దూ కాగితాలు పోయి ఆఫీసుల నుంచి ఇంగ్లీషు కాగితాలు వస్తున్న కాలమది. ఉర్దూల చదువుకున్న నా అసొంటోళ్లకు ఇంగ్లీషు అంతంతమాత్రమే గానీ, రాదని ఒప్పుకునే అలవాటు మాత్రం లేకుండె. లక్సెట్టిపేట దగ్గర చిన్న బడిల నేను కొత్త పంతులును. నౌకరి ఇంకా పక్కా కాలే. పద్యాల పిచ్చి ఒకటి (ఎక్కాలు చెప్పుమంటే గూడ రాగం తీసెటోణ్ణి).

ఒకనాడు ఆదిలాబాద్ నుంచి బడుల పెద్దసారు తనిఖీకి వచ్చిండు. నేను కట్టిన పద్యాలు పిల్లలతోని వరుసగ పాడించిన. సారు విన్నడు, పిల్లలను రెండు ఎక్కాలు అడిగి, పుస్తకంల ఏందో రాసుకొని పోయిండు. నెల తిరగకముందే కాగితమొచ్చింది. అందుల ‘అడ్వర్స్ రిమార్క్స్’ అని, కింద ‘ఎక్స్‌ప్లనేషన్’ పంపుమని ఉంది. యాడ్ అంటే కూడుడు, వర్స్ అంటే పద్యం. పద్యాలు ఇంకిన్ని కలుపుమని సారు మెచ్చుకున్నడని తేల్చుకున్న. ఎక్స్‌ప్లనేషన్ అంటే తాత్పర్యమే గదా. నన్ను కన్న అవ్వకు చెప్తే కొండగట్టుకు పోయి కొబ్బరికాయ కొట్టొచ్చింది. నేను సారు మీదనే నాలుగు పద్యాలు కట్టి, తాత్పర్యంతో సహా పోస్టు చేసిన.

వారానికి ఆదిలాబాద్ రమ్మని పిలుపొచ్చింది. సన్మానానికి పోయినట్టు ఇస్త్రీ అంగీ తొడుక్కొని పోయిన. సారు బల్ల మీద నా పద్యాలున్నయి.

“అడ్వర్స్ అంటే ఏందనుకున్నవయ్యా?”

చెప్పిన. సారు కళ్లజోడు తీసి తుడిచి మళ్ల పెట్టుకున్నడు.

“అది లాటిన్ల నుంచి వచ్చిన మాట. అడ్ అంటే వైపు, వర్స్ అంటే తిరిగింది. మనకు ఎదురు తిరిగి నిలబడ్డది అడ్వర్స్. నీ పిల్లలకు ఎక్కాలు రావని నేను రాసిన. నౌకరి పోయే కాగితమది.”

అయినా నా నోరు ఊకోలే. “మరి పద్యానికి వర్స్ అని ఎందుకన్నరు సార్?” అని అడిగిన (అదా అడిగే సమయం).

సారు జర మెత్తబడ్డడు. “నాగలి సాలు చివరికి పోయి మళ్లుతది సూడు, పద్యంల పాదం గూడ గట్లనే మళ్లుతది. రెండు మాటలు ఒక్క తల్లి పిల్లలే. నీ తప్పు సగమే. గానీ రెండో పద్యంల యతి తప్పింది, ఆ తప్పు మొత్తం నీదే. పోయి మళ్ల రాయి. ఎక్కాలు ఎట్ల నేర్పుతవో వచనంల రాయి.”

రాసిన. ఆ ఏడంత బడిల ఎక్కాలే మోగినయి, నౌకరి నిలబడ్డది.

ఆదిలాబాద్ నుంచి ఇంటికి వచ్చిన దినం అవ్వ అడిగింది, “సారు ఏమన్నడు బిడ్డా?”

“మళ్ల రాయుమన్నడవ్వా” అన్న. అబద్ధమైతే గాదు.

ఆమె అప్పుడే పక్కింటికి పోయి, “మా పిలగాణ్ణి పద్యాలు మళ్ల రాయుమన్నరట” అని చెప్పవట్టె. ఆపి అసలు సంగతి చెప్పుదామంటే నాకు నోరు రాలే. ఇంత వయసొచ్చినంక, ఇప్పుడైనా వచ్చేది గాదు.