మద్రాసు బండేనా?

తెనాలి స్టేషన్ అంటేనే నాకు అసహ్యం. పేరుకి పెద్ద జంక్షన్. రేపల్లె నుంచి వచ్చినవాడు హైదరాబాదు పోవాలన్నా, రాష్ట్రం దాటి మద్రాసు పోవాలన్నా ఇక్కడే బండి మారాలి. మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుంటే ఎవడిదో కిళ్ళీ ఉమ్మి అరచేతికి అంటుకుంటుంది. మరుగుదొడ్డి ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేదు, ముక్కే దారి చూపిస్తుంది. ఇస్త్రీ చొక్కాలేసుకుని వస్తారు, గోడ కనపడితే చాలు తిరిగి నిలబడతారు. సిగ్గూ శరం లేని జనం.

ఆ రోజు మా పెద్దమ్మను మద్రాసు కంటి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. కళ్ళలో ఒత్తిడి పెరిగి ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంట్లో మసక చూపు మిగిలింది. దానికి మర్నాడు పొద్దున ఆపరేషన్. ఆ తేదీ దొరకడానికే నానా తిప్పలూ పడ్డాం.

రేపల్లె పాసింజర్ దిగి ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాను. వెనక గోడ అప్పుడే ఎవడో తడిపి పోయినట్టుంది. "ఛీ, ఏం కంపు పెద్దమ్మా. నువ్విక్కడే కూర్చో, టీ తాగొస్తా" అని ప్లాట్‌ఫారం చివరికి పోయాను. టీ అయిపోయినా వెనక్కి రాబుద్ధి కాలేదు.

ఈలోగా ఒక బండి వచ్చింది. అది మద్రాసు నుంచి హైదరాబాదు పోయేది, మాది ఇంకో అరగంటకు. మనది కాదులే అని నేను కదల్లేదు. మా వైపు ఓ దిక్కుమాలిన అలవాటుంది. మద్రాసు పోయేదీ మద్రాసు బండే, మద్రాసు నుంచి వచ్చేదీ మద్రాసు బండే. "మద్రాసు బండేనా అమ్మా?" అని పెద్దమ్మ పక్కావిడను అడిగిందట. "అవునండి పిన్నిగారూ, రండి" అని ఆవిడ చెయ్యి పట్టుకుని మరీ ఎక్కించిందట. నేను వచ్చేసరికి బండి లేదు, బెంచీ ఖాళీ.

ప్లాట్‌ఫారమంతా వెతికాను. చివరికి ఎవరిదో నంబరు నుంచి ఫోనొచ్చింది.

"ఒరేయ్, కృష్ణ మీదున్నాం అంటున్నారు వీళ్ళు. మద్రాసు పోవాలంటే కృష్ణ దాటాలా ఏంటి?"

ఆమె మాట్లాడుతుండగానే మా బండి వచ్చి ఆగింది. రెండు టిక్కెట్లూ నా జేబులోనే ఉన్నాయి. అది కదిలి వెళ్ళిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఆమెను బెజవాడలో దించమని ఫోనులో వాళ్ళకు చెప్పి, దొరికిన బండెక్కి నేనూ అక్కడికి వెళ్ళాను. పెద్దమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఎవరెక్కమన్నారు నిన్ను?" అని అందరి ముందూ అరిచాను.

"ఎవర్ని అడగమంటావురా? నాకా కళ్ళు లేవు, నీకా ముక్కు ఎక్కువైంది" అంది నెమ్మదిగా.

ఆపరేషన్ వేళకు మద్రాసు చేరలేకపోయాం. మళ్ళీ తేదీ రెండు నెలలకు ఇచ్చారు. అప్పటికి ఆ కన్నూ పోయింది. గోడలు తడిపేవాళ్ళను ఇప్పటికీ తిడుతూనే ఉంటాను. పెద్దమ్మ కంచంలో కూర ఎక్కడుందో చేత్తో తడుముకుంటున్నప్పుడు మాత్రం అసహ్యమంతా నామీదే వేస్తుంది.