ఇంటికి ఇరవై నిమిషాలు

నేను టైం పాటించే మనిషిని కాదు. పది గంటలకు ఆరాధన అని చర్చి గోడ మీద రాయించిందీ నేనే, పదింపావుకు చర్చి తాళంచెవి కోసం ఇల్లంతా వెతికేదీ నేనే. నా ప్రసంగం మధ్యలో ఆడవాళ్లు ఇంటికెళ్లి పొయ్యి మీది పప్పు దించి వచ్చినా, నేనింకా మొదటి వచనం దగ్గరే ఉండేవాణ్ణి. అలాంటి నన్ను హైదరాబాద్‌లో సేవకుల సదస్సుకు పంపారు. సమయాన్ని ఎలా వాడుకోవాలో రెండు రోజులు నేర్పారు. మొదటి రోజు గంట ఆలస్యంగా వెళ్లాను.

తిరిగొచ్చేటప్పుడు ఒక లావుపాటి డైరీ కొని, రోజు మొత్తాన్నీ గళ్లుగా గీశాను. ప్రార్థనకు ఒక గడి, వాక్య ధ్యానానికి ఒకటి, మధ్యాహ్నం కునుకుకు కూడా ‘విశ్రాంతి’ అని గౌరవంగా ఒకటి. విశ్వాసుల ఇండ్లకు వెళ్లడానికి మాత్రం గట్టి నియమం: ఇంటికి ఇరవై నిమిషాలు. ఒక పాట, ఒక వచనం, ఒక ప్రార్థన. చాయ్ వద్దు. మా రామన్నపేట వైపు ఇండ్లలో చాయ్ అంటే పొయ్యి వెలిగించాలి, పక్కింట్లో చక్కెర అడగాలి. అరగంట హుష్‌కాకి.

మా ఇంటామె డైరీ తిరగేసి నవ్వింది. “కొత్త బిచ్చగాడు పొద్దెరుగడంట” అంది. నీకు క్రమశిక్షణ అంటే ఏం తెలుసని కసిరాను.

నిజానికి పని బ్రహ్మాండంగా సాగింది. ఒక్క సాయంత్రం ఏడు ఇండ్లు! పాస్టర్ల నెలవారీ కూడికలో ఈ సంగతి సాక్ష్యంగా చెప్పుకున్నాను. నలుగురు నా గళ్ల పేజీని ఫోన్లో ఫొటో తీసుకున్నారు. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద లేవు.

మా సంఘంలో పత్తి ఏరి బతికే ఒక ఒంటరి ముసలామె ఉంది. ప్రతి వారం, “జర కూసోండ్రి అయ్యగారూ, చాయ్ పెడ్త” అనేది. “ఉపవాసమున్న పెద్దమ్మా” అనేవాణ్ణి. అప్పటికి బస్టాండు దగ్గర రెండు సమోసాలు తిని ఉండేవాణ్ణి. నిలబడే ఉండి పాట పాడి, కళ్లు మూసుకుని, ఈమెను నడినెత్తి నుంచి అరికాలి దాకా స్వస్థపరచు ప్రభువా అని ప్రార్థించేవాణ్ణి. అది అందరిండ్లలో చేసే ప్రార్థనే.

మా దగ్గర అసలు మాట ఎవరూ ముందు చెప్పరు. గ్లాసులో చాయ్ సగమయ్యేదాకా వానల గురించి, పత్తి గురించి మాట్లాడతారు. చివరి గుక్కల్లో గొంతు తగ్గించి అసలు బాధ బయటపెడతారు. ఇన్నేళ్లు సేవ చేసి ఈ సంగతి తెలిసినవాణ్ణే, డైరీ కొన్నాక మరిచిపోయాను.

మూడో వారం బండి స్టార్ట్ చేస్తుంటే ఆమె వాకిట్లోకి వచ్చింది. “అయ్యగారూ, ఒక్క మాట” అంది.

“వచ్చే వారం చెప్దువు తియ్ పెద్దమ్మా” అని, ఆమె గడిలో టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాను.

మరుసటి వారం ఆమె తలుపుకు తాళం ఉంది. పక్కింటి ముస్లిం ఆటో ఆయనకు ఫోన్ చేస్తే, నల్గొండ దవాఖానలో ఉన్నామన్నాడు. ఉరుక్కుంటూ వెళ్లాను. ఆమె మంచం పక్కన నిలబడి ఆయన చెప్పాడు: “చాయ్ తాగుదమని ఆమె ఇంట్ల కింద కూసున్న పాస్టర్ సాబ్. కాలు కనవడ్డది. కాలి ఏళ్లు నల్లగైనయి. షుగరంట. మీరు వారం వారం వోతరు గద, చూడలేదా?”

అప్పుడు దుప్పటి జరిపి చూశాను. రెండు వేళ్లు తీసేశారు. నెల ముందు తెస్తే మందులతోనే మానేదని డాక్టరు నాతోనే అన్నాడు, నేనే కొడుకుననుకుని. కాదని చెప్పడానికి కూడా సిగ్గేసింది. ఆమె పాదాన్ని మూడు వారాలు నోటితో దీవించాను గానీ ఒక్కసారీ కళ్లతో చూడలేదు.

ఆటో ఆయన కిరాయికి వెళ్లిపోయాక స్టూలు మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. నన్ను చూసి కంగారుపడింది. అప్పుడు ఆమె అన్నది ఎత్తిపొడుపు కాదు, ఆమెకు ఎత్తిపొడవడం రాదు.

“మీరొచ్చి ఈడ కూసున్నరా అయ్యగారూ? నా కోసం టైం ఖరాబు చేసుకోకుండ్రి. పోండ్రి, మీకు ఇంక మస్తు ఇండ్లుంటయి.”