లారీలు కదిలించిన ఫోటో

మొన్న పటాన్‌చెరులో అక్కావాళ్లు ఇంటికి రంగులు వేయిస్తుంటే అటక మీది నుంచి ఫోటోలు పెద్దవి చేసే బావ ఎన్‌లార్జర్ దిగింది. పనివాడు దాన్ని జ్యూస్ మిషన్ అనుకున్నాడు. ఆ పని చేసినా ఇంటికి కొంత ఉపయోగపడేది.

ఎనభైల చివర, నేను డిగ్రీ చదువుతూ వాళ్లింట్లో ఉన్నప్పుడు, బావ దాన్ని సొంతంగా తయారుచేశాడు. ఫ్యాక్టరీలో ఫిట్టరు, ఫోటోలంటే పిచ్చి. తుక్కులో దొరికిన ఇనుప గొట్టమే నిలువు కంబం. దాని పైన పాలపొడి డబ్బాలో బల్బు, కింద నెగటివ్, ఆ కింద ఎవరిదో చెడిపోయిన కెమెరా లెన్సు, అడుగున అక్క రొట్టెల పీట. డబ్బాను పైకి జరిపేకొద్దీ పీట మీద బొమ్మ పెద్దదయ్యేది. చీకటి కావాలి కనుక కిటికీకి దుప్పటి కట్టి వంటింటిని ఆక్రమించాడు. ఆదివారాలు పస్తులున్నామని అనను. భోజనం కాస్త సోమవారం వైపు జరిగేది.

ఆ ఏడు బావ తల్లి, మా అత్తమ్మ, పట్టుబట్టింది. గోడ మీద భర్త పటం పక్కన తన పటమూ ఉండాలి, అదీ తను బతికుండగానే చూసుకోవాలి. ఆయన ముప్పై దాటకుండానే పోయాడు. బావ అత్తమ్మ ఫోటో తీశాడు, నెగటివ్ బాగానే వచ్చింది. చిక్కల్లా ఇంటిని ఆనుకుని పోయే హైవేతోనే. కాగితం మీద వెలుగు పడే ఆ కాసేపట్లోనే గోడ అవతల ఏదో ఒక లారీ పోయేది, గొట్టం వణికేది, అత్తమ్మ ముఖం అలికినట్టు వచ్చేది. గొట్టం కదలకుండా బావ దానికి ఇటుకలు కట్టాడు, పీట మీద తిరగలి రాయి ఎత్తాడు. లారీలు లెక్కచేయలేదు.

"ఇగ ఆపుతరా, నన్ను తల్లిగారింటికి పొమ్మంటరా?" తలుపవతల నుంచి అక్క.

"జెర ఆగే! తలుపు తీస్తే కాగితం ఖరాబైతది."

"ఈడ కడుపులు ఖరాబైతున్నయి, గది సూస్తలేరా?"

చివరికి లారీల సమ్మె వచ్చింది. ఊరంతా పరేషాన్, బావ ఒక్కడికే పండగ. ఎర్రదీపం కింద, ట్రేలోని మందునీళ్లలో అత్తమ్మ ముఖం ఒక్కో ముడతా లెక్కపెట్టేంత తేటగా తేలింది. బావ కళ్లు చెమర్చాయి. మందు ఘాటు కూడా కావచ్చు.

అత్తమ్మ దాన్ని భర్త పటం పక్కన ఆనించి చాలాసేపు చూసింది.

"గీడ పెడితే ఆయనకు అమ్మ లెక్క కనవడుతున్న కొడుకా. మొదలు జేసింది, ఆ కదిలింది ఏదీ? గదే కట్టియ్యి."

బావ చెడిపోయిన కాగితాల కట్టలో దాన్ని వెతకసాగాడు. అక్క మాత్రం దుప్పటి ఊడదీసి పొయ్యి వెలిగించింది.

ఆ కదిలిన పటమే ఇప్పటికీ అక్కడుంది. ముడతల్లేవు, వయసు తెలియదు. ఇద్దరూ ఈడూజోడుగా ఉన్నారు. కాలం ఎవరి ముడతలనైనా తీరుబడిగా, స్పష్టంగానే గీస్తుంది. అత్తమ్మ వంతు వచ్చినప్పుడు మాత్రం పక్కనుంచి లారీ పోయింది.